మన చుట్టుపక్కల పండే తిండి, పర్యావరణం: తిరుపతి, చిత్తూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో కొన్ని ఇళ్ళవాళ్ళం కలిసి చుట్టుపక్కల రైతుల దగ్గర నేరుగా కొనుక్కుంటున్నాం. కొత్తగా చేరేవాళ్ళు, చేరాలా వద్దా అని ఆలోచించేవాళ్ళు, అమ్మే రైతులు కూడా తిరిగి తిరిగి అవే సందేహాలు అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పేటప్పుడు సగం మర్చిపోతాం. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాం. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు. జిల్లా అన్నచోటల్లా 2022కి ముందున్న ఉమ్మడి చిత్తూరు జిల్లా అని అనుకోండి.

## మొదలుపెట్టక ముందు

లోకల్ అంటే ఎన్ని కిలోమీటర్ల లోపల పండాలి?

దీనికి ప్రభుత్వం గీసిన గీత ఏదీ లేదు. కిలోమీటర్ల లెక్క పెట్టుకుంటే మన దగ్గర తొందరగా చిక్కు వస్తుంది. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం, అది తమిళనాడు. కుప్పం నుంచి కోలారు పక్కనే, అది కర్ణాటక. వాటిని పరాయివి అని వదిలేసి, రాష్ట్రం ఒకటే కదా అని శ్రీకాకుళం నుంచి వచ్చిందాన్ని లోకల్ అనుకోవడంలో అర్థం లేదు.

మేం పెట్టుకున్న కొలత ఇది: పొద్దున బయల్దేరి, ఆ పొలం చూసి, రైతుతో మాట్లాడి, రాత్రికి ఇల్లు చేరగలగాలి. ఆ పంట మన వానకు, మన నేలకు తగ్గదై ఉండాలి. రెండో షరతే ముఖ్యం. పది కిలోమీటర్ల దూరంలో పండినా, దానికోసం బోరును పాతాళం దాకా దించాల్సి వస్తే దగ్గరగా పండిందన్న మంచి అక్కడితో పోయింది.

లారీ డీజిల్ మిగలడం తప్ప దీనివల్ల పర్యావరణానికి ఏం లాభం?

అందరూ డీజిల్ గురించే అనుకుంటారు గానీ, నిజానికి అది చిన్న భాగం. భూమిని వేడెక్కించే వాయువుల్లో ప్రపంచం మొత్తం మీద సుమారు మూడో వంతు తిండి వ్యవస్థ నుంచే వస్తాయని లెక్క. ఆ మూడో వంతులో తిండిని మోసుకొచ్చే రవాణా వాటా 5, 6 శాతం దగ్గర ఉంటుంది. ఎరువులు, యంత్రాలు, ఇంధనం మోసే రవాణా కూడా కలిపి వేసిన లెక్కలో అది దాదాపు అయిదో వంతు దాకా పోతుంది. ఎలా లెక్కవేసినా ఎక్కువ భాగం పొలంలోనూ, పొలం కోసం నరికిన అడవిలోనూ ఉంది. యూరియా తయారీకి సహజవాయువు కావాలి. చల్లిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాల్లోకి పోతుంది. నీళ్ళు నిలిచిన వరి మడి, నెమరువేసే పశువులు మీథేన్ వదులుతాయి. పారేసిన తిండి కుళ్ళినా మీథేనే.

మరి లోకల్ ఎందుకు అంటారా? ఇవన్నీ మార్చుకోవాలంటే పండించేవాళ్ళు, తినేవాళ్ళు ఒకరికొకరు అందుబాటులో ఉండాలి. మీరు ఉలవలు అడిగితేనే రైతు ఉలవలు వేస్తాడు. వంకర వంకాయ కూడా కొంటామంటేనే అది చేలో కుళ్ళకుండా ఉంటుంది. మీ తడిచెత్త ఎరువై వెనక్కి పోవాలన్నా పొలం దగ్గరుండాలి. ఎక్కడో తయారై ప్యాకెట్లో వచ్చే సరుకు విషయంలో మనకు ఈ అవకాశం ఏదీ ఉండదు.

మాకు అన్నం లేనిదే గడవదు. బియ్యం మానేయాలా?

మానేయక్కర్లేదు. కానీ వరి గురించి తెలుసుకుని తినండి. కిలో వడ్లు పండడానికి సగటున 2,500 లీటర్ల నీళ్ళు పడతాయని వరి పరిశోధకులు చెప్తారు. మన జిల్లాలో కాలవలు తక్కువ. చెరువు నిండిన ఏడు చెరువు కింద, లేని ఏడు బోరు కింద వరి వేస్తారు. వెయ్యి అడుగుల లోతు నుంచి మోటారుతో తోడి పండించిన వరి కంటే, నెల్లూరు వైపు కాలవ కింద పండి లారీలో వచ్చిన బియ్యం భూమికి తక్కువ భారం కావచ్చు. దగ్గరిదే మంచిదని కళ్ళు మూసుకుని చెప్పలేని చోటు ఇది.

చేయగలిగింది రెండు. రోజుకు ఒక పూట అన్నం బదులు సంగటి పెట్టుకోండి. బియ్యం కొనే రైతు తెలిసినవాడైతే ఆరుతడి పద్ధతిలో పండిస్తాడేమో కనుక్కోండి. మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలబెట్టకుండా ఆరనిచ్చి మళ్ళీ తడి పెడితే నీళ్ళు 30 శాతం దాకా మిగులుతాయి, మీథేన్ కూడా బాగా తగ్గుతుంది.

ఆర్గానిక్, ప్రకృతి వ్యవసాయం, లోకల్ అన్నీ ఒకటేనా?

కాదు. లోకల్ అనేది ఎక్కడ పండిందో చెప్తుంది, ఎలా పండిందో చెప్పదు. మదనపల్లె టమోటా మనకు లోకలే, దానికి వారానికి రెండుసార్లు మందు కొట్టి ఉండొచ్చు. ఆర్గానిక్ అంటే రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పండించి, నిబంధనల ప్రకారం ధ్రువీకరణ పొందింది. అది హిమాలయాల నుంచి వచ్చినా ఆర్గానిక్కే.

ప్రకృతి వ్యవసాయం మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ఊళ్ళల్లోకి వెళ్ళిన పద్ధతి. బయట కొన్న ఎరువు బదులు ఆవు పేడ, మూత్రంతో చేసిన జీవామృతం, ఆకుల కషాయాలు, ఏడాది పొడుగునా నేల మీద పచ్చదనం దీనికి ఆధారం. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. తిరుమలలో కూడా 2021 నుంచి శ్రీవారి నైవేద్యానికి గో ఆధారిత పంటలు వాడడం మొదలుపెట్టారు. ఆ వార్త తర్వాత మన చుట్టుపక్కల దేశీ బియ్యం గురించి అడిగేవాళ్ళు బాగా పెరిగారు.

అందరం ఇక్కడిదే తింటే, మన రైతులు చెన్నైకి, బెంగళూరుకి పంపడం మానుకోవాలా?

వద్దు. పలమనేరు, వి.కోట కూరగాయల రైతులు ఆ రెండు మహానగరాల మీదే బతుకుతున్నారు. చెన్నై మనకు మూడు గంటల దూరం, అది మన తిండి వ్యవస్థలో భాగమే. ఇబ్బంది ఎక్కడంటే, ఊరంతా ఒకే పంట వేసి దూరపు ధర కోసం ఎదురుచూడడంలో. మదనపల్లె ఆసియాలోనే పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. 2023 జూలైలో అక్కడ కిలో వంద దాటింది. మరో ఏడాది కోత కూలి కూడా రాక అదే టమోటాను రోడ్డు పక్కన పారబోశారు. 2025లో తోతాపురి మామిడికి ధర లేక, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం పైన 4 రూపాయలు కలుపుతుందని నిర్ణయించాల్సి వచ్చింది.

పారబోసిన టమోటాతో పాటు దానికి పెట్టిన నీళ్ళు, కరెంటు, ఎరువు అన్నీ వృథా. నాలుగు రకాలు వేసి, అందులో ఒకటి రెండు దగ్గరి ఊళ్ళ ఇళ్ళకు అమ్ముకోగలిగే రైతుకు ఆ దెబ్బ కాస్త తక్కువగా తగులుతుంది.

## కొనేటప్పుడు

తిరుపతిలో ఎక్కడ దొరుకుతాయి?

మొదట రైతు బజారు చూడండి. దళారి లేకుండా రైతే అమ్ముకోవాలని 1999 జనవరి 26న రాష్ట్రంలో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది, తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఉంది. పల్లెలకు దగ్గర్లో ఉంటే వారపు సంత ఇంకా మేలు. ఉలవలు, అలసందలు, చింతపండు, నాటు విత్తనాలు సంతలో దొరికినట్టు టౌన్లో దొరకవు. ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు, మహిళా సంఘాలు అప్పుడప్పుడు స్టాళ్ళు పెడతారు. అక్కడ ఒకసారి కొని, నచ్చితే ఫోన్ నంబరు తీసుకుని తర్వాత నేరుగా తెప్పించుకోండి. అయిదారు ఇళ్ళు కలిసి తెప్పించుకుంటే రైతుకు ఆటో ఖర్చు గిడుతుంది. ఒక్క ఇంటికోసం రెండు కిలోలు మోటార్ సైకిల్ మీద తెప్పించుకుంటే పెట్రోలు దండగ.

రైతు బజారులో కూర్చున్నవాళ్ళంతా రైతులేనా? ఎలా తెలుస్తుంది?

అమ్మే రైతుకు గుర్తింపు కార్డు ఉండాలి. కార్డు చూపించమనడానికి మొహమాటంగా ఉంటే ఆయన ముందున్న సరుకు చూడండి. ఒకే మనిషి దగ్గర క్యారెట్, ఉర్లగడ్డలు, ఎర్రగడ్డలు, క్యాప్సికమ్, యాపిల్ అన్నీ ఉంటే అవి హోల్‌సేల్ మార్కెట్ నుంచి తెచ్చినవే. రైతు దగ్గర సాధారణంగా రెండు మూడు రకాలే ఉంటాయి, అవీ ఒకే సైజులో ఉండవు. "ఏ ఊరన్నా? ఎప్పుడు కోశారు?" అని అడగండి. పండించినవాళ్ళు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెప్తారు, వద్దన్నా చేను సంగతంతా చెప్తారు.

ఆర్గానిక్ అని బోర్డు పెట్టుకుంటే నమ్మొచ్చా?

బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. ప్యాకెట్లో అమ్మేదైతే దాని మీద ఆర్గానిక్ అని తెలిపే ప్రభుత్వ గుర్తు ఉందేమో చూడండి. దానితోపాటు మూడో పక్షం తనిఖీ చేసి ఇచ్చే ఎన్‌పీఓపీ గానీ, రైతుల గుంపు ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చుకునే పీజీఎస్ గానీ ఉంటుంది. చిన్న రైతు తన పంటను తానే నేరుగా మీకు అమ్మితే ఈ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. కాబట్టి సర్టిఫికెట్ లేదు కనక మోసం అనుకోవద్దు.

అలాంటప్పుడు పొలానికి వెళ్ళి చూడడమే దారి. గట్టు మీద మందు డబ్బాలు పడున్నాయా, ఇంట్లో ఆవు ఉందా, జీవామృతం డ్రమ్ము వాడకంలో ఉందా, చేలో ఒకే పంట ఉందా పది రకాలున్నాయా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

రేటు ఎక్కువ కదా, మధ్యతరగతి వాళ్ళు ఎలా కొంటారు?

అన్నీ ఎక్కువ ఉండవు. ఆకుకూరలు, సీజన్ కూరగాయలు, ఉలవలు, రాగులు రైతు దగ్గర కొంటే అంగడి ధరే, ఒక్కోసారి తక్కువ. సీజన్ కాని టమోటా కోసం వెంటపడకుండా చింతపండు పులుసుతో వండుకుంటే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

కచ్చితంగా ఎక్కువ ఉండేవి గానుగ నూనె, దేశీ బియ్యం, నెయ్యి. నూనె లెక్క చూడండి. కిలో గానుగ నూనె తీయడానికి సుమారు రెండున్నర కిలోల చెనక్కాయ విత్తనాలు కావాలి. ఆ విత్తనాల ధర కంటే తక్కువకు ఎవరైనా "ప్యూర్ గానుగ నూనె" ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగా ఉంటే ముందు ధాన్యం, ఆకుకూరలతో మొదలుపెట్టండి. నూనె తర్వాత చూసుకోవచ్చు.

ఏ నెలలో ఏం కొనాలో తెలియడం లేదు. మన దగ్గర ఎప్పుడు ఏం పండుతుంది?

సూపర్‌మార్కెట్లో ఏడాదంతా అవే కూరగాయలు చూసి ఈ సంగతి మర్చిపోయాం. చలికాలం నుంచి మొదలుపెడదాం. మార్గశిరం నుంచి సంక్రాంతి దాటేదాకా అనపకాయల కాలం. గింజలు నానబెట్టి తోలు పితికి చేసే పితికిపప్పు మన జిల్లా ఇళ్ళకు పండగతో సమానం. అప్పుడే పచ్చి కందికాయలు, చిక్కుళ్ళు, ముల్లంగి, వంకాయ బాగుంటాయి. చెరకు గానుగలు ఆడుతుంటాయి, కొత్త బెల్లం వస్తుంది. చిత్తూరు బెల్లం కాస్త నల్లగా ఉంటుంది. తెల్లగా మెరిసే బెల్లం కావాలని మనం అడగబట్టే రసాయనాలతో రంగు తీస్తున్నారు, కాబట్టి నల్లదే అడగండి.

శివరాత్రి తర్వాత కొత్త చింతపండు వస్తుంది. పుంగనూరు వైపు నుంచి తెప్పించుకుని ఏడాదికి సరిపడా గింజ తీసి, ఉప్పు కలిపి పెట్టుకోండి. ఎండాకాలంలో చింతచిగురు, మామిడికాయ. పండ్లలో ముందు బేనీషా, జూన్, జూలైలో తోతాపురి, చివర్లో నీలం. కాలేపాడు పండు తినకపోతే దామలచెరువు వైపు వెళ్ళినప్పుడు తప్పకుండా అడగండి, పేరున్న రకాల కంటే అదే బాగుందనేవాళ్ళు చాలామంది.

తొలకరి తర్వాత నేరేడు వస్తుంది, పొలం గట్ల మీద ఎవరూ వేయని ఆకుకూరలు మొలుస్తాయి. పొన్నగంటాకు, దొగ్గలాకు, చెంచలాకు గుర్తుపట్టే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళతో కలిసి కోసుకురండి. వాటికి ఒక్క చుక్క బోరు నీళ్ళు ఖర్చు కాలేదు. వానాకాలంలో బీర, సొర, కాకర. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సీతాఫలాలు. ఆ రోజుల్లోనే కొత్త చెనక్కాయలు, పచ్చివి ఉడకబెట్టుకుని తింటాం. వెనకే రాగి కోతలు. కొత్త రాగులు ఒకేసారి కొని ఆరబెట్టి పెట్టుకుంటే ఏడాది దాటినా పురుగు పట్టదు.

మామిడిపండ్లు కార్బైడ్‌తో మాగబెట్టారో లేదో ఎలా తెలుస్తుంది?

కాల్షియం కార్బైడ్ నిషేధంలో ఉంది. ఇథిలీన్ వాయువును పరిమితిలో వాడడానికి అనుమతి ఉంది. కంటితో చూసి నూటికి నూరు పాళ్ళు చెప్పలేం. కానీ సీజన్ మొదలవకముందే, మార్చిలోనే, పెట్టె మొత్తం ఒకే పసుపు రంగులో మెరుస్తూ, వాసన లేకుండా, కోస్తే లోపల గట్టిగా పుల్లగా ఉంటే అనుమానించండి. తోటలో పక్వానికి వచ్చిన కాయలు కొని ఇంట్లో వరిగడ్డిలో మాగబెట్టుకోవడం మేలు. నాలుగైదు రోజుల ఓపిక చాలు.

## వంటింట్లో

సంగటి మా పిల్లలు ముట్టరు. ఏం చేయాలి?

ఒకేసారి అన్నం తీసేసి ముద్ద పెడితే ఎవరూ తినరు. మొదట దోసె పిండిలో పావు వంతు రాగిపిండి కలపండి. తర్వాత బెల్లం వేసి జావ. సంగటి చేసేటప్పుడు ఒక వంతు నూకలు మెత్తగా ఉడికించి, రెండు వంతుల రాగిపిండి వేసి గెలికితే మెత్తగా వస్తుంది. ముద్ద కంటే పక్కన ఏం పెట్టారన్నదే అసలు సంగతి. చెనక్కాయల ఊరిబిండి, వంకాయ పులుసు, నాటుకోడి పులుసు ఉంటే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తింటారు.

రాగి మన మెట్ట నేలల పంట. వరికి పట్టే నీళ్ళలో చిన్న భాగంతో పండుతుంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది దగ్గర. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కొర్రలు, అరికెలు, అండుకొర్రలు అంటూ రంగురంగుల ప్యాకెట్లు వచ్చాయి. అవీ మంచివే, కానీ చాలావరకు వేరే చోట్ల నుంచి వస్తాయి. మన పడమటి మండలాల రైతు దగ్గర ముందు దొరికేది రాగే.

పామాయిల్ బదులు చెనక్కాయల నూనె వాడితే పర్యావరణానికి నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియాల పామాయిల్‌ది. ఆ తోటల కోసం అక్కడ వర్షారణ్యాలు నరికారు, తడి నేలలు ఎండగట్టారు. న్యాయంగా చెప్పాలంటే ఎకరానికి వచ్చే నూనె పామాయిల్‌దే ఎక్కువ. అందుకని ఇప్పుడు తాగుతున్నంత నూనె మొత్తాన్నీ చెనక్కాయలతో భర్తీ చేయడం కుదరదు. వాడకం తగ్గించి, ఆ తగ్గిన దాన్ని ఇక్కడిదిగా చేసుకోవాలి.

మన జిల్లాకు చెనక్కాయ అచ్చంగా సరిపోయిన పంట. జూన్, జూలైలో వానకు వేస్తారు. వేళ్ళ మీది బుడిపెల్లో బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. కాయలు కోశాక మిగిలిన కట్టె పశువుకు మేత, గానుగలో మిగిలిన చెక్క పాడి ఆవుకు దాణా. చేలో సాళ్ళ మధ్య కంది, అనప, అలసంద వేయడం పాత అలవాటు. చెనక్కాయ పోయినా ఏదో ఒకటి ఇంటికి వచ్చేది. వానలు తప్పి, ధర రాక, అడవి పందుల బెడద పెరిగి, కూలీలు దొరక్క ఇప్పుడు ఎంతోమంది ఆ నేలల్లో మామిడి పెట్టేశారు, కొందరు బీడు వదిలేశారు. ఈ సాగు తగ్గిపోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. గానుగ నూనెకు ఇచ్చే నాలుగు డబ్బులు ఎక్కువైనా దాన్ని ఖర్చుగా చూడబుద్ధి కాదు.

పాలు ఎలాగూ లోకలే కదా? పుంగనూరు ఆవు నెయ్యి కొనాలా?

పాల విషయంలో మన జిల్లా గొప్పదే. పంట పోయిన ఏడు కూడా పల్లెల్లో ఇల్లు నడిపేది పాడి. కాకపోతే ఆవులు మీథేన్ వదులుతాయి. సంకర జాతి ఆవులకు దాణా, పచ్చిమేత ఎక్కువ కావాలి, ఆ పచ్చిమేత మళ్ళీ బోరు కిందే పెరుగుతుంది. పాలు మానమని చెప్పను, వృథా చేయకండి. పుంగనూరు పొట్టి ఆవు మన సొంత జాతి, తక్కువ మేతతో బతుకుతుంది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుతున్నారు. ఆ జాతి నిలబడాలి. కానీ దాని పేరు చెప్పి వేల రూపాయలకు అమ్మే నెయ్యి కొనడం వల్ల పర్యావరణానికి ప్రత్యేకంగా ఒరిగేది లేదు.

## తిన్న తర్వాత

మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు మున్సిపాలిటీ బండికి ఇచ్చేస్తే సరిపోదా?

తడి, పొడి వేరు చేసి ఇస్తే సరిపోతుంది. తడిచెత్తతో ఎరువు, గ్యాసు తయారు చేసే ఏర్పాటు తిరుపతికి తూకివాకం దగ్గర ఉంది. ప్లాస్టిక్ కవర్లో ముడివేసి అన్నీ కలిపి ఇస్తే ఆ ఏర్పాటంతా పనికిరాకుండా పోతుంది. గుట్టలో కుళ్ళిన తిండి మీథేన్ అవుతుంది, అది నూరేళ్ళ లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని, అందులో 60 శాతం ఇళ్ళలోనే అని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క తేల్చింది.

ఇంట్లో చేయాలంటే: రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు, మజ్జిగ పోసి చద్దన్నం, పక్కన ఎర్రగడ్డ. తొక్కలు అడుగున చిల్లులున్న బకెట్లో ఎండుటాకులతో పొరలు పొరలుగా వేస్తే రెండు మూడు నెలల్లో ఎరువు. వాసన వస్తుంటే తడి ఎక్కువైందని అర్థం, ఇంకాస్త ఎండాకు వేయండి.

మా ఇంట్లో పెళ్ళి ఉంది. లోకల్ భోజనం పెడితే చుట్టాలు చిన్నచూపు చూడరా?

తిరుపతిలో ముహూర్తం ఉన్న రోజు కల్యాణ మండపాల వెనక పారేసిన తిండి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కారణం వంటకాల సంఖ్య. ముప్పై రకాలు బఫేలో పెడితే ప్రతిదీ కాస్త పెట్టించుకుని సగం పారేస్తారు. పది రకాలు చాలు, పంక్తి వేసి అరిటాకులో అడిగి అడిగి వడ్డించండి. తిరుమలలో 1985 నుంచి రోజూ వేలమందికి అన్నప్రసాదం పెడుతున్నారు. అక్కడ వంటకాలు తక్కువ, వడ్డన దగ్గరుండి జరుగుతుంది, ఎవరూ చిన్నచూపు చూడరు.

పన్నీరు బదులు పితికిపప్పు, ఉలవచారు, సంగటి, ఊరిబిండి పెట్టి చూడండి. బెంగళూరు నుంచి వచ్చిన చుట్టాలు ముందు ఆ వరసలోనే నిలబడతారు. చిన్న ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు వద్దు. 2022 నుంచి తిరుమల కొండ మీదే ప్లాస్టిక్ సీసాలు మానిపించారు, మండపంలో గ్లాసులు, స్టీలు డ్రమ్ములు పెట్టడం అంతకంటే కష్టమేమీ కాదు. మిగిలేలా ఉంటే చేయి పెట్టకముందే పక్కకు తీసి, దగ్గర్లోని అనాథాశ్రమానికి ముందుగా ఫోన్ చేసి పంపండి.

## పండించే వాళ్ళు అడిగేవి

నాకు మూడెకరాలుంది. ప్రకృతి వ్యవసాయంలోకి మారితే దిగుబడి పడిపోదా?

మొదటి ఏళ్ళలో పంటను బట్టి, నేలను బట్టి తగ్గొచ్చు. ఎరువులు, మందుల ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి చేతికి మిగిలేది లెక్క వేసుకోవాలి. మూడెకరాలూ ఒకేసారి మార్చవద్దు. అప్పు ఉన్నవాళ్ళు అసలే వద్దు. అర ఎకరంతో మొదలుపెట్టండి.

ఎకరానికి ద్రవ జీవామృతం ఇలా చేస్తారు: 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, మీ గట్టు మీది గుప్పెడు మట్టి. నీడలో పెట్టి రోజూ రెండు పూటలా కర్రతో కలపాలి. రెండు మూడు రోజులకు తయారవుతుంది, వారంలోపు వాడేయాలి. దానికంటే ముందు చేయాల్సింది తొలకరికి ముందే నవధాన్యాల విత్తనాలు కలిపి చల్లడం. జొన్న, సజ్జ, అలసంద, ఉలవ, నువ్వు, జనుము ఏవి దొరికితే అవి. నేల ఎండకు కాలకుండా ఉంటుంది, మొదటి వాన చుక్క నిలుస్తుంది, పశువులకు మేత వస్తుంది. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగితే ఇప్పటికే చేస్తున్న రైతు ఎవరో చెప్తారు. ఆయన చేను చూశాకే నిర్ణయం తీసుకోండి.

బోరు అడుగంటుతోంది. ఇంకో బోరు వేయనా, పంట మార్చనా?

ఇంకో బోరు వేస్తే నీళ్ళు పడొచ్చు, పడకపోవచ్చు. పడ్డా పక్కవాళ్ళ బోరులోవే చాలావరకు. మన జిల్లాలో అప్పులపాలైన రైతుల కథల్లో ఎండిన బోర్లు తప్పకుండా ఉంటాయి. ముందు పంట మార్చి చూడండి. రాగికి తిరుపతి పక్కనున్న పెరుమాళ్ళపల్లె పరిశోధన స్థానం 'వకుళ' లాంటి రకాలు ఇచ్చింది, చెనక్కాయలో తిరుపతి పరిశోధన స్థానం 'ధరణి' బెట్టకు తట్టుకునేలా తయారు చేసింది. వాన వెనకపడితే ఉలవలున్నాయి. కూరగాయలకు డ్రిప్పు, మల్చింగ్ (తడి ఆరకుండా మొక్కల మొదట్లో నేలను కప్పడం) తప్పదు.

రెండో పని చెరువు. పెద్దలు జిల్లా అంతటా వేలకొద్దీ చెరువులు గొలుసుకట్టుగా తవ్వింది బావుల్లో నీళ్ళు ఊరడానికే. పూడిక తీసి ఆ మట్టి చేలో తోలుకుంటే చెరువూ లోతవుతుంది, నేలా బలపడుతుంది. 2025 ఆగస్టులో హంద్రీ నీవా కాలవ ద్వారా కృష్ణా నీళ్ళు కుప్పం దాకా వచ్చాయి, అది పెద్ద ఊరట. కానీ శ్రీశైలం నుంచి ఎన్నో చోట్ల మోటార్లతో ఎత్తిపోస్తే వచ్చిన నీళ్ళవి. వాటిని వరి మడిలో నిలబెట్టకుండా చెరువులు నింపుకుంటే ఎక్కువమందికి అందుతాయి.

నా పంట నేరుగా ఇళ్ళకు అమ్మాలంటే లైసెన్సు కావాలా?

కూరగాయలు, ధాన్యం, పండ్లు మీరు పండించినవి అలాగే అమ్మితే ఆహార భద్రత లైసెన్సు అక్కర్లేదు. నూనె ఆడించి, పిండి పట్టించి, పచ్చడి పెట్టి అమ్మితే మాత్రం చిన్న వ్యాపారానికైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. దరఖాస్తు ఆన్‌లైన్లో చేసుకోవచ్చు, మీసేవ వాళ్ళు సాయం చేస్తారు.

అమ్మేటప్పుడు వారానికి ఒక రోజు, ఒక వీధి అని ఖాయం చేసుకోండి. ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో ఏం ఉన్నాయో, ధర ఎంతో పెట్టి, ఆర్డరు వచ్చినంతే కోయండి. ధర ప్రతివారం మార్చకుండా సీజనంతా ఒకటే ఉంచితే ఇళ్ళవాళ్ళూ స్థిరంగా ఉంటారు. మార్కెట్లో రేటు పెరిగినప్పుడు అక్కడికి, పడిపోయినప్పుడు ఇళ్ళకు వస్తే ఎవరూ నిలవరు. ఇదే మాట కొనేవాళ్ళకూ చెప్తుంటాం.

పొలం లేదు, మిద్దె ఉంది. మిద్దెతోట వేస్తే ఉపయోగమేనా?

ఆకుకూరలు, పచ్చిమిర్చి, కరివేపాకు, పుదీనా, రెండు సొర పాదులకు బాగా పనికొస్తుంది. వంటింటి తొక్కల ఎరువు అక్కడే వాడుకోవచ్చు, కింద గది కాస్త చల్లబడుతుంది. కొత్త ప్లాస్టిక్ కుండీలు, దూరం నుంచి తెచ్చిన కొబ్బరి పొట్టు ఇటుకలు గంపెడు కొంటే మాత్రం మొదట్లోనే పర్యావరణానికి అప్పు పడినట్టు. పాత బకెట్లు, పెయింట్ డబ్బాలు వాడండి. ఏప్రిల్, మేలో తిరుపతి ఎండకు నీడ వల తప్పనిసరి. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు పోస్తే సగం తడి దానితోనే సరిపోతుంది. మొదటి విత్తనంగా తోటకూర చల్లండి, మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది.